చింతాడ అన్నదమ్ముల పూల్ బల్ల

బొబ్బిలిలో బుర్రున్న ఇల్లు తమదేనని చింతాడ గవర్రాజుకి గట్టి నమ్మకం. ఒకటా రెండా, బుర్రలు మూడున్నాయి మరి: తనదీ, తమ్ముడు సన్నాసిదీ, చిన్నతమ్ముడు పైడియ్యదీ. ముగ్గురూ కలిసి పాత మిల్లు షెడ్డులో, బంతుల్ని కర్రతో కొట్టి పాకెట్లలో వేసే పూల్ బల్ల పెట్టి ఆడించేవారు.

ఊళ్ళో పూల్ లీగులు రెండు. తూర్పు లీగు రూల్సు పుస్తకానికీ పడమటి లీగు పుస్తకానికీ బొత్తిగా పొసగదు. ఆ ఏడు రెండు లీగులూ ఒక్కటై, ఎవరి షెడ్డులో ఆట పద్ధతిగా సాగితే పోటీలన్నీ వాళ్ళకే అన్నాయి. పరీక్ష చెయ్యడానికి డ్రాయింగు మాస్టారొకాయన్ని పంపాయి.

గవర్రాజు పొద్దున్నే తలంటుకుని రెండు పుస్తకాలూ చదివాడు. "ఏ లీగుకీ కోపం రాకూడదర్రా. రెండూ పాటించాలి," అన్నాడు.

ఆట మొదలైంది.

"బంతి ఏ పాకెట్లో వేస్తావో ముందు చెప్పు," అన్నారు మాస్టారు.

"లాగు ఎడం పాకెట్లోనండి," అని పైడియ్య ఎర్రబంతి తీసి అందులో వేసుకున్నాడు.

"బల్లకున్న పాకెట్రా నాయనా!"

గవర్రాజు అడ్డొచ్చాడు. "చెప్పాలనేది తూర్పు రూలండి. పడమటి పుస్తకంలో చెప్పక్కర్లేదు. ఒరే పైడీ, చెప్పు. చెప్పకు."

ఇంకేముంది! పైడియ్య "కుడి మూల పాకెట్!" అని అరిచి, "నేనేం అన్లేదండి," అని లెంపలేసుకుని కొట్టాడు. మిగతా బంతుల్ని కొట్టాల్సిన తెల్లబంతే వెళ్ళి పాకెట్లో పడింది.

"తప్పు! తెల్లబంతి సన్నాసికివ్వు. సన్నాసీ, లైను వెనకనించి కొట్టు," అన్నారు మాస్టారు.

సన్నాసి బంతీ కర్రా పట్టుకుని బయటికి పోయాడు. అరగంటైనా రాలేదు. గవర్రాజు రోడ్డెక్కి చూస్తే, వాడు రైలు లైను అవతల నిలబడున్నాడు.

"గూడ్సు అడ్డొచ్చిందన్నయ్యా! అది పోగానే కొడతాను!"

కొట్టాడు కూడా. బంతిని కంకర్లోంచి ఏరి తెచ్చుకోవలసి వచ్చింది.

మాస్టారు నుదురు నొక్కుకున్నారు. "పోనీ, బల్ల ఎత్తయినా సరిచేసి ఉంచండి. నేను టీ తాగొస్తాను."

తూర్పు పుస్తకంలో ముప్ఫై రెండు అంగుళాలు. పడమటి దాంట్లో ముప్ఫై. గవర్రాజు రెండు పుస్తకాలనీ కళ్ళకద్దుకుని రంపం తెమ్మన్నాడు. అంతే! రెండు కాళ్ళు ముప్ఫై రెండుకే ఉంచి, రెండు కాళ్ళు ముప్ఫైకి కోశారు.

మాస్టారు తిరిగొచ్చి బంతులు పేర్చి చెయ్యి తీశారు. బంతులన్నీ దొర్లుకుంటూ పోయి, దిగువనున్న పాకెట్లలో టపటపా పడ్డాయి. చివర్న పడితే ఆట గెలిచినట్టయ్యే నల్లది కూడా పడింది.

"ఎవరు కొట్టారు?"

"ఎవరమూ కొట్టలేదండి."

మాస్టారు పుస్తకాలు చంకన పెట్టుకుని, పోటీలు మార్కెట్ వీధి షెడ్డుకిచ్చేసి వెళ్ళిపోయారు.

గవర్రాజుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. కాసేపు ఆలోచించాడు. "ఒరే, మనం ఓడిపోయాం. కానీ బల్ల గెలిచింది కదరా!"

ముగ్గురూ బల్లకి బంతిపూల దండ వేసి, బండెక్కించి, మార్కెట్ వీధి షెడ్డుకి తోలుకెళ్ళారు. అక్కడ ఆటగాళ్ళ పేర్లు రాసుకునే గుమాస్తా తలెత్తాడు.

"ఎవరాడతారు?"

"ఇదేనండి," అన్నాడు గవర్రాజు బల్లని నిమురుతూ. "పేరు చింతాడ బల్ల. కాస్త చూసి ఎవరితోనైనా జోడీ కట్టండి. ఒక్కతే ఎప్పుడూ గడప దాటి ఎరగదు."