రొప్పాల పెడమొగమ్మ వంక వైపు తిరిగిన వైనం

రొప్పాల గ్రామానికి తూర్పున, వంక ఒడ్డు మీద ఉన్న ఈ గుడికి మొదటిసారి వచ్చిన భక్తులు గడప దాటగానే ఆగిపోతారు. ఎదురుగా అమ్మవారి వీపు కనిపిస్తుంది. నల్లరాతి జడ, భుజం మీదుగా జారిన పూలదండ, అంతే. దారి తప్పి వెనక వైపు నుంచి వచ్చామేమోనని కొందరు బయటికి వెళ్లి గుడి చుట్టూ తిరిగి చూస్తారు. ఇంకో ద్వారం ఉండదు. అమ్మవారి ముఖానికి ఎదురుగా గోడ కూడా లేదు. అక్కడ గట్టు, గట్టు కింద ఇసుక, ఆ ఇసుకలో ఆడుకుంటున్న పల్లె పిల్లలు. వాళ్ల కేకలు గర్భగుడి లోపలికి వినిపిస్తుంటాయి. అర్చకులు వాళ్లను ఎన్నడూ అదిలించరు.

ఈ తల్లి పేరు పెడమొగమ్మ. భక్తుల మీద అలిగి మొగం తిప్పుకుందని బయటి ఊళ్లవాళ్లు అనుకుంటారు. అలక కాదు. జరిగింది వేరు.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. మందలతో తిరిగే కురుబ కుటుంబాలు కొన్ని, వంక ఒడ్డున మేత బాగుందని ముళ్లకంపతో గొర్రెల దొడ్లు వేసుకుని నిలిచిపోయాయి. ఆ దొడ్లనే రొప్పాలంటారు. వాళ్లకు పెద్ద బీరప్ప. ఒకనాడు ఆయన మందలో సూడిగొర్రె ఒకటి తప్పిపోయింది. వెతుక్కుంటూ వెళ్తే గట్టు మీది పొదలో ఈనుతూ కనిపించింది. పుట్టిన పిల్ల పడుతూ లేస్తూ ఒక రాతికి ఆనుకుని నిలబడింది. బీరప్ప తన కంబళి చెంగుతో ఆ రాతి మీది మన్ను తుడిస్తే కళ్లు, ముక్కు, పెదవులు తేలాయి.

అక్కడే గుడి కట్టారు. అమ్మను రొప్పాల వైపు తిప్పి నిలబెట్టారు. మందే బతుకు కనుక తోడేలు బారిన పడకుండా మందను చూడమని వేడుకున్నారు. అందులో తప్పుందని ఆనాడు ఎవరికీ తోచలేదు. అమ్మ వీపు వెనక, వంక వైపు, గాలి కొట్టకుండా ఎత్తుగా గోడ పెట్టారు. రొప్పాలమ్మా అని పిలిచారు. ఆ తల్లి వాళ్ల మొర ఆలకించింది. తోడేలు మళ్లీ మందలో అడుగు పెట్టలేదు.

ఏటా కొలుపు చేసేవారు. కొలుపులో ఒక కట్టడి ఉండేది. దీపం చేతిలోకి తీసుకున్నాక, అది అమ్మ పాదాల దగ్గరికి చేరేదాకా ఎవరూ అమ్మకు వీపు చూపకూడదు. ముసలివాళ్లకైనా, బాలింతలకైనా మినహాయింపు లేదు.

ఒక ఏడు దీపం ఎత్తే వంతు కెంచమ్మకు వచ్చింది. వేరే చోటి నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఆమె కూతురు సిద్ధి అప్పటికి ఇంకా పళ్లు ఊడని పసిది. పొద్దున్నే పిల్లలంతా గట్టు దిగి వంక ఇసుకలోకి పోవడం కెంచమ్మ చూసింది. వంక ఎండి ఉంది. ఆకాశంలో మబ్బు లేదు. అయినా ఆమెకు మనసొప్పలేదు.

"పిల్లోళ్ల కాడ ఎవురుంటారు అత్తా?" అని పక్కనున్న తిప్పక్కను అడిగింది.

తిప్పక్క నవ్వింది. "నీ బిడ్డేమన్నా వెన్నముద్దా తల్లీ, ఎండకు కరిగిపోనీకి? ఇంతమందిమి ఉండాము. ఎవురో ఒకరు సూస్తానే ఉంటారులే."

ప్రతి ఒక్కరూ అదే అనుకున్నారు. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని. ఊరంతా అమ్మ ముందు నిలబడి, గోడకు అవతల ఏముందో కనపడని చోట, చేతులు జోడించింది.

కెంచమ్మ దీపం ఎత్తుకుని నడుస్తోంది. డోళ్లు మోగుతున్నాయి. డోలు ఆగిన చిన్న సందులో ఆమె చెవి గోడ అవతలికి పోయింది. పిల్లల అల్లరి వినపడలేదు. పిల్లలున్న చోట చప్పుడు ఆగిందంటే తల్లికి వేరే కబురు అక్కర్లేదు. ఆమె దీపాన్ని నేల మీద పెట్టింది. అమ్మకు వీపు తిప్పింది.

"కెంచమ్మా, యాడికి? అమ్మకు వీపు సూపిస్తావా?" అన్నాడు బీరప్ప.

ఆమె ఆగలేదు. గుడి చుట్టూ పరుగెత్తి గట్టు మీదికి చేరింది. పైన కొండల్లో ఎక్కడో వాన పడి, ఎర్రనీళ్లు వంక మలుపు తిరిగి వచ్చేశాయి. నడిమధ్య ఇసుకదిబ్బ మీద పిల్లలు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. భయానికి వాళ్ల గొంతు పెగలడం లేదు. కెంచమ్మ నీళ్లలోకి దిగింది. ఆమె పిలుపు విని మొదట ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు వరస వదిలి వచ్చారు. కంబళ్లు ఒకదానికొకటి ముడివేసి విసిరారు. చేతులు మార్చి పిల్లలను ఒడ్డుకు చేర్చారు. సిద్ధి దక్కింది. బీరప్ప కూతురి కొడుకు కరియన్న మాత్రం ఎవరి చేతికీ అందలేదు.

ఆ దుఃఖంలో బీరప్ప ఒక మాట అన్నాడు. దీపం నేల మీద పెట్టినందుకే, అమ్మకు వీపు చూపినందుకే ఈ ఘోరం జరిగిందన్నాడు. పెద్దలు తలలూపారు. కెంచమ్మ ఈ ఒడ్డు విడిచి పుట్టింటికి పోవాలని, సిద్ధి తండ్రి ఇంట్లోనే ఉండాలని తీర్పు చెప్పారు.

"మామా, పొద్దున గొర్రెపిల్లల కాడ ఒకడు కాపున్నాడు" అంది కెంచమ్మ. "కొలుపైనా వాన్ని లేపలేదు మీరు. మన పిల్లోళ్ల కాడ ఎవురున్నారు?"

తీర్పు మాత్రం మారలేదు.

ఏ తీర్పయినా అమ్మకు విన్నవించాకే అమలు చేయాలి. తెల్లవారి కెంచమ్మను వెంటబెట్టుకుని అందరూ గుడికి వచ్చారు. వచ్చి నిలబడిపోయారు. వెనక గోడ కూలి వంకలో పడి ఉంది. అమ్మవారు వాళ్లకు వీపు చూపిస్తూ, వంక వైపు మొగం పెట్టి ఉంది.

ఏ పనికి కెంచమ్మను వెళ్లగొట్టబోతున్నారో ఆ పనే అమ్మ చేసింది. అయినా మనుషులు కదా, వెంటనే ఒప్పుకోలేదు. మోకులు తెచ్చి, విగ్రహాన్ని పాత వైపు తిప్పాలని లాగారు. మోకులు తెగాయి. రాయి కదల్లేదు. చివరికి బీరప్ప, అమ్మ అసలు ఏమి చూస్తోందో తెలుసుకుందామని, ఆమె భుజం వెనక నిలబడి ఆమె చూస్తున్న వైపు చూశాడు.

నీళ్లు తీసిన ఇసుకలో సిద్ధి ఉంది. ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలున్నారు. తడి ఇసుక దొరికిందని పాదాల మీద పోసుకుని పిచ్చుకగూళ్లు కడుతున్నారు. పెద్దలంతా నిన్నటి తప్పు ఎవరిదని గుడిలో వాదులాడుతున్నారు. గట్టు మీద మళ్లీ ఎవరూ లేరు.

బీరప్ప తలపాగా తీసి చేతిలో పట్టుకుని గట్టు అంచుకు పోయి కూర్చున్నాడు. జనం వెనకే వచ్చి నిలబడ్డారు. తీర్పు సంగతేమిటని ఎవరో అడిగారు.

"ఆ బిడ్డ యాడికీ పోదు, ఇంటికి పంపండి. నీళ్లలో నాని ఉంది, ఇంత అన్నం తిననీ" అన్నాడు ఆయన, కెంచమ్మను గురించి. తల తిప్పకుండానే అన్నాడు. పిల్లలు ఆట చాలించి ఇళ్లకు చేరేదాకా అక్కడి నుంచి లేవలేదు. కడుపున పుట్టిన కూతురు పక్కన కూర్చుని ఏడుస్తున్నా ఆయన చూపు ఇసుక మీదే ఉందట.

కూలిన గోడను మళ్లీ కట్టలేదు. ద్వారాన్ని కూడా మార్చలేదు, అమ్మవారి వెనకే ఉంచేశారు. ఇక్కడ దర్శనమంటే అమ్మ భుజం మీదుగా చూడడమే. ఆమెకు కనపడేది మీకూ కనపడాలి.

నేటికీ పిల్లలు ఇసుకలోకి దిగారంటే ఊళ్లో ఒక ఇంటివారు గట్టు మీది బండపై కాపు కూర్చుంటారు. ఇంటికొక వంతు. వంతు వచ్చినవారు బండ ఎక్కేటప్పుడు "నేను చూస్తున్నాను" అని పైకి అనాలి. దిగేటప్పుడు తర్వాతివారి నోట ఆ మాట విన్నాకే దిగాలి. పైన కొండల మీద మబ్బు కనిపిస్తే, ఇక్కడ ఎంత ఎండ కాస్తున్నా, పిల్లలను ఒడ్డెక్కిస్తారు. పిల్లల కోసం పూజ మధ్యలో లేచిపోవడం ఈ గుడిలో దోషం కాదు. యాత్రకు వచ్చిన దంపతులను అర్చకులు గోత్రం కంటే ముందు మీ పిల్లలెక్కడని అడుగుతారు. విసుక్కోకుండా చూపించండి.

ఈ తల్లిని నమ్మి కొలిచిన ఇళ్లలో ఆటకు వెళ్లిన బిడ్డ చెమటతో, దుమ్ముతో, ఆకలితో నవ్వుతూ తిరిగి వస్తుందని పెద్దల మాట.

అమ్మవారికి ఇచ్చిన హారతి ముందు భక్తులకు ఇవ్వరు. బండ మీద కాపున్న మనిషి దగ్గరికి తీసుకెళ్తారు. ఆ మనిషి పళ్లెం వైపు చూడరు. పిల్లల మీద చూపు నిలిపి, పక్కకు చేయి చాపుతారు. హారతి ఆ చేతి దగ్గరికే వస్తుంది.