పావురంతో పడవ పందెం

ఒకానొక రాజ్యమని పేరే గానీ, అక్కడ ఉన్నవి రెండే రెండు దీవులు, నడుమ బోలెడంత సముద్రం. శంఖుదీవిలో కోట, అందులో మణిధ్వజ మహారాజు. గవ్వలదీవిలో ఉప్పు పండించుకునే జనం. రెంటి మధ్యా పడవ నడిపేది పోలమ్మ. తెల్లవారుతూనే తెరచాప ఎత్తితే, పొద్దుగూకేసరికి అవతలి ఒడ్డు చేరేది.

రాజుగారి కొలువులో వ్యాఘ్రేశ్వరశాస్త్రి అనే పండితుడుండేవాడు. బిరుదు గణితకేసరి. ఎవరిచ్చారని అడక్కండి, ఆయనే పెట్టుకున్నాడు. ఆయన ఓసారి గవ్వలదీవికి వెళ్లి, కోట పావురాన్ని అక్కణ్ణుంచి వదిలాడు. అది నాలుగు గడియల్లో కోటకు వచ్చి వాలింది. ఇంకేముంది! దారి నాలుగు గడియలేననీ, మిగతా పొద్దంతా పోలమ్మ ఒళ్లు దాచుకుంటోందనీ సభలో తేల్చేశాడు.

రాజుకు ముక్కుమీద కోపం. ఇకనుంచి నాలుగు గడియల్లో చేరకపోతే పడవ లాక్కుంటామని ఆజ్ఞ వేశాడు. పోలమ్మ మొగుడు పోయేముందు సొంత చేతులతో కట్టిన పడవ అది. అదే ఆమెకు కూడు, అదే గూడు.

అయినా తొణక్కుండా చేతులు జోడించింది. "మహారాజా, రేపు ఈ ఒడ్డునుంచి నా పడవా, ఆ పావురమూ ఒక్కసారే బయలుదేరతాం. అది ముందు గవ్వలదీవి చేరితే పడవ మీదే. నేను ముందు చేరితే ఆజ్ఞ వెనక్కి తీసుకోవాలి."

సభంతా గొల్లుమంది. రెక్కలతో పందెమా, దీనికి మతిపోయిందన్నారు. రాజు సరేనన్నాడు.

మర్నాడు పోలమ్మ తెరచాప ఎత్తింది, శాస్త్రిగారు పావురాన్ని వదిలారు. అది పైకి లేచి, మూడు చుట్లు తిరిగి, తిన్నగా కోటమీది గూట్లో వాలింది. తోలితే మళ్లీ వాలింది. గణితకేసరి ఉత్తరీయం ఊపుతూ కోట గోడలమ్మట పరుగెత్తాడు గానీ, అది గింజలు తినడం మానలేదు.

మూడోనాడు పోలమ్మ గవ్వలదీవి పెద్దను సాక్ష్యానికి వెంటబెట్టుకుని సభకు వచ్చింది. ఏం మంత్రం వేశావని రాజు గద్దించాడు.

"మంత్రమేం లేదు మహారాజా. దాని ఇల్లు ఇది. ఎక్కడ వదిలినా ఇక్కడికే వస్తుంది. గవ్వలదీవికి వెళ్లాలంటే మాత్రం అదైనా నా పడవ ఎక్కాల్సిందే. మొన్న శాస్త్రిగారి ఒళ్లో బుట్టలో కూర్చుని, పొద్దున బయలుదేరి పొద్దుగూకాకే చేరింది. ఆ ప్రయాణం మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు."

రాజు శాస్త్రివైపు చూశాడు. శాస్త్రి పైకప్పు వైపు చూశాడు. రాజుకు నవ్వు ఆగలేదు, కిరీటం జారేలా నవ్వాడు. అక్కడికక్కడే ఆజ్ఞ చించేసి, తన చేతి కడియం పోలమ్మకు తొడిగి, ఆ రేవు ఆమెదీ, ఆమె బిడ్డలదీ అని చాటించాడు. ఈ మాట గవ్వలదీవిలో స్వయంగా చెప్పి రమ్మని శాస్త్రినే పంపాడు.

మర్నాడు శాస్త్రి పడవెక్కి, ఎన్ని గడియలు పడుతుందని మెల్లగా అడిగాడు.

"కూర్చోండి శాస్త్రిగారూ, పొద్దుగూకేసరికి చేరతాం" అంది పోలమ్మ, తెరచాప తాడు లాగుతూ. ఆయన ఉత్తరీయం సర్దుకుని బుద్ధిగా కూర్చున్నాడు.