ఎండ్రకాయ దొడ్డిగుమ్మం

అనగనగా ఒక అడవి అంచున వీరభద్రం అనే రైతు ఉండేవాడు. చేలో పారే వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి, చిన్న చెరువు కట్టుకున్నాడు. నీళ్లన్నీ తనవే అనుకున్నాడు పాపం! ఏడాది తిరక్కముందే కప్పలూ తాబేళ్లూ అడక్కుండానే కాపురాలు పెట్టేశాయి. చుక్కమ్మ అనే ఎండ్రకాయ ఏకంగా కట్టలోనే బొరియ తవ్వుకుంది.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది. కట్టలో మూరెడు లోతుకు మించి ఎవరూ తవ్వకూడదు. తొలకరి పడగానే ముసలి తాబేలు బండయ్య కట్టంతా తిరిగి, ఎవరి బొరియ ఎంత లోతో అందరినీ అడిగేవాడు.

మన చుక్కమ్మకు కొంగంటే హడల్. అది వస్తే పారిపోవాలని, ఎండాకాలంలో గుట్టుగా కట్ట అవతలి దాకా తవ్వి, దొడ్డిగుమ్మం పెట్టుకుంది. అప్పుడు నీళ్లు అడుగున ఉన్నాయి. ఇప్పుడు వానలు పడి నీళ్లు బొరియ దాకా లేచాయి. చుక్కమ్మ పొట్టను కరుచుకుని గోరంత పిల్లలున్నాయి.

మొదటిరోజు బండయ్య అడిగాడు. "నీ బొరియ ఎంత లోతే అమ్మాయ్?"

"మూరెడే తాతా!"

లోపలికెళ్తే నేలంతా చెమ్మ. చెరువు నీళ్లు దొడ్డిగుమ్మం వైపు ఊరుతున్నాయి.

రెండోరోజు బండయ్య మళ్లీ వచ్చాడు. "కట్ట అవతల నీళ్లు కారుతున్నాయే. తేటగా ఉన్నాయి కనుక ఇప్పటికి ఫరవాలేదు. బురదగా వస్తే మాత్రం కట్ట లోపల కరిగిపోతున్నట్టే. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు తాతా?" అంది. నిజం చెబితే కట్ట మీంచి తరిమేస్తారు, కొంగ నోట్లో పడతానని దాని భయం. దొడ్డిగుమ్మంలో గుప్పెడు మట్టి కూరింది. అది నిమిషంలో కొట్టుకుపోయింది.

మూడోరోజు కుండపోత. దొడ్డిగుమ్మంలోంచి ఎర్రటి బురద నీళ్లు! కట్ట తెగితే చెరువుండదు, పిల్లలూ ఉండవు. చుక్కమ్మ పరుగు పరుగున బండయ్య దగ్గరికి వెళ్లింది.

"తాతా, అబద్ధం చెప్పాను! ఆ కన్నం నాదే!"

"తిట్లు తర్వాత. ముందు ఎక్కడో చూపించు," అన్నాడు బండయ్య.

కట్ట దిగువన గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్ట అప్పటికే గొంతు చించుకుని అరుస్తోంది. ఆ అరుపులకు వీరభద్రం పరుగెత్తుకొచ్చాడు. బురద నీళ్లు చూసి, "అమ్మో, కట్ట పోతోంది!" అంటూ చెరువులోకి దూకాడు. నీళ్లలో కన్నం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? చుక్కమ్మ చెరువు వైపున్న తన ముందు గుమ్మం దగ్గర నిలబడి అతని బొటనవేలు పట్టి నొక్కింది. "అబ్బా!" అంటూ వంగాడు. నీళ్లు లోపలికి లాగేస్తున్న చోటు చేతికి తగిలింది. గట్టు నుంచి బంకమట్టి మూటలు తెచ్చి కుక్కి, తొక్కి, గట్టిచేశాడు. కట్ట నిలిచింది.

చుక్కమ్మ ఇల్లు పూడిపోయింది. "పోతే పోయింది, రాళ్ల సందుల్లో ఉందువు గానీ రా," అన్నాడు బండయ్య. కానీ చుక్కమ్మ కదల్లేదు. కట్ట దిగువన తీతువు ఒక్కతే బురదలో తిరుగుతోంది. కన్నంలోంచి వచ్చిన నీళ్లకు దాని గుడ్లు నాలుగూ కొట్టుకుపోయాయి.

"నిన్ననే చెప్పి ఉంటే, గుడ్లు పైకి చేర్చుకోలేకపోయినా, అరిచి రైతును పిలిచి ఆ కన్నం పూడ్పించేదాన్ని కదే!" అని ఏడ్చింది తీతువు.

చుక్కమ్మ పొట్టకింద పిల్లలు కదిలాయి. వాటిని కాళ్లతో దగ్గరికి పొదువుకుని తల దించుకుంది.

నీతి: చేసిన తప్పును వెంటనే ఒప్పుకోవాలి. మనం దాచిపెట్టిన ప్రతిరోజూ దాని దెబ్బ ఏ పాపం ఎరగని పక్కవాళ్లకు దగ్గరవుతుంది.