తీతయ్య మూట

వేరే ఊళ్లలో కథ చెబుతుంటే పిల్లలు "ఊ" కొడతారు. మా రేవుపాలెంలో "ఆమేన్" అంటారు. చిన్నప్పట్నుంచీ అలవాటు. మీరు ఏదన్నా ఫరవాలేదు గానీ నిద్రపోవద్దు. ఈ కథ వింటూ నిద్రపోయే హక్కు నాదొక్కడిదే. మా నాయనమ్మ దీన్ని చెప్పిన ప్రతిసారీ నేను సగంలో గుర్రుపెట్టేవాణ్ణి. కాబట్టి మొదటి సగం ఆమె చెప్పింది. రెండో సగం కూడా ఆమే చెప్పిందని నేను చెప్పుకుంటూ ఉంటాను.

అనగా అనగా, మా గుడికి ఇంకా తాటాకు కప్పు ఉన్న కాలంలో, గంటకు బదులు రైలు పట్టా ముక్క వేలాడదీసి కొట్టే కాలంలో, మా పాలెంలో తీతయ్య అని ఒక చాకలాయన ఉండేవాడు.

ఆయనకు మూడే ఆస్తులు. ఒక బాన, ఒక బండ, ఒక గాడిద. బానలో బట్టలు ఉడికేవి. బండ మీద బట్టలు ఏడ్చేవి. గాడిద మీద బట్టలు ఊరేగేవి.

"మరి నేనో? నాలుగో ఆస్తిని మర్చిపోయావా?" అనేది ఆయన భార్య తబితమ్మ.

"నువ్వు ఆస్తివి కాదే. ఆస్తి మీద వేసే శిస్తువి," అనేవాడు తీతయ్య. ఆ పూట కూరలో ఉప్పుండేది కాదు.

ఎవరి గుడ్డ ఎవరిదో తెలియటానికి అంచు మూలన ఉతికినా పోని నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాడు. సంఘ పెద్ద హనోకు గారికి మూడు చుక్కలు. కరణం గారికి రెండు గీతలు. గుడిలో వాక్యం చెప్పే అయ్యగారికి ఒక సిలువ. తన ఇంటి గుడ్డలకి ఒకే ఒక్క గీత. అక్షరం ముక్క రాని తీతయ్య రాసుకున్న పుస్తకం అదే. ఊరి బట్టలన్నీ దానికి పేజీలు.

ఆదివారం గుడిలో చిట్టచివర, గుమ్మం పక్కన కూర్చునేవాడు. వారమంతా నీళ్లలో నానిన కాళ్లు. చాప తడుస్తుందని భయం.

ఆ అయ్యగారికి ఉపమానాలంటే మహా ఇష్టం. ఏసయ్య చెప్పిన కథలు ఒక్కొక్కటీ తీసి, మన కాలవ గట్టు మీదే జరిగినట్టు చెప్పేవాడు. విత్తనాలు చల్లినవాడి కథ చెబితే రైతులు తలూపేవాళ్లు. తప్పిపోయిన గొర్రె కథ చెబితే గొర్రెల కాపరులు తలూపేవాళ్లు. ఇల్లంతా ఊడ్చి నాణెం వెతుక్కున్న ఆవిడ కథ చెబితే ఆడవాళ్లందరూ తలూపి, పక్కన మొగుడి వంక చూసేవాళ్లు.

తీతయ్య మాత్రం తలూపేవాడు కాదు. "అందరి కథా వస్తోంది. మా కథ ఎప్పుడొస్తదో," అనుకుంటూ కూర్చునేవాడు.

ఒక ఆదివారం వచ్చింది.

ఒక రాజు తన కొడుక్కి పెళ్లి చేశాట్ట. పిలిచినవాళ్లు రాలేదట. ఒకడికి పొలం పని, ఒకడికి బేరం పని. రాజుకి కోపమొచ్చి, "దారిన పోయేవాళ్లందర్నీ పట్టుకురండి" అన్నాట్ట. కుంటీ గుడ్డీ, మంచీ చెడ్డా అందరూ వచ్చి పందిరి నిండిపోయింది. అప్పుడు రాజు లోపలికొచ్చి చూస్తే ఒకడి ఒంటి మీద పెళ్లి బట్ట లేదు. "ఏమయ్యా, ఇట్టా ఎట్టా వచ్చావు?" అన్నాట్ట. వాడికి నోట మాట లేదు. కాళ్లూ చేతులూ కట్టి బయట చీకట్లో పారేయించాట్ట.

అప్పుడు చివర్నుంచి ఒక గొంతు లేచింది.

"అయ్యగారూ, ఆ ఊరి చాకలి ఏమయ్యాడండీ?"

గుడి అంతా గొల్లుమంది. హనోకు గారు వెనక్కి తిరిగి, "ఒరే తీతూ, కూర్చోరా!" అన్నాడు.

తీతయ్య కూర్చోలేదు. "నవ్వుతారేందయ్యా? దారిన పోయేవాణ్ణి ఉన్నపళంగా పెళ్లికి లాక్కొస్తే వాడికి మంచి గుడ్డ ఎక్కణ్ణుంచి వస్తది? పెళ్లంటే ముందు రేవుకి కబురు రావాలి. చాకలి మూట తెచ్చి గుమ్మంలో నిలబడాలి. తప్పు ఆ మనిషిది కాదండీ. మాదండీ."

అయ్యగారు ఓపిక గల మనిషి. "తీతయ్యా, ఆ గుడ్డ అంటే గుడ్డ కాదు నాయనా. నీతి. మంచి నడవడి," అని చెప్పాడు.

"చిత్తమండీ," అన్నాడు తీతయ్య. కానీ ఆ రోజు అన్నం తినలేదు. ఎవరో ఊరూ పేరూ తెలియనివాణ్ణి తన వల్లే కట్టి పారేసినట్టు కుమిలిపోయాడు.

"అయ్యగారు చెప్పింది విన్నావుగా. గుడ్డ అంటే గుడ్డ కాదంట," అంది తబితమ్మ.

"విన్నా. గుడ్డ అంటే గుడ్డ కాదని గుడ్డ ఉన్నోళ్లే అంటారు," అన్నాడు తీతయ్య. "ఒసే, ఆ ఊరి సంగతి మన చేతిలో లేదు. ఈ ఊళ్లో మాత్రం, నేనుండగా, గుడ్డ లేదని ఏ మనిషీ పెళ్లి పందిరి బయట నిలబడకూడదు."

ఆ మాట మీదే నిలబడ్డాడు.

మొదటి పెళ్లి వచ్చింది. తీతయ్య మూట పట్టుకుని పందిరి గుమ్మంలో నిలబడ్డాడు. బుట్టలల్లే సుందరమ్మ కంచె దగ్గర తచ్చాడుతోంది.

"ఏం వదినా, లోపలికి రావా?"

"అతుకుల చీరతో ఎట్టా వచ్చేది అన్నయ్యా?"

"దానికేముంది? మూట విప్పితే గుడ్డ. గుడ్డ కడితే చుట్టం. పద."

రెండో పెళ్లి వచ్చింది. బండి తోలే మోషే ఎద్దుల పక్కన నక్కి కూర్చున్నాడు.

"ఏం బావా, లోపలికి రావా?"

"పంచ పోగులు తేలిపోయింది బావా. చూస్తే నవ్వుతారు."

"మూట విప్పితే గుడ్డ. గుడ్డ కడితే చుట్టం. పద."

ఆ గుడ్డలు ఎక్కడివని అడుగుతారా? ఆ రోజుల్లోనూ ఎవరూ అడగలేదు. ఉతకటానికి వచ్చినవే. కరణం గారి భార్య చీర సుందరమ్మతో పెళ్లి చూసొచ్చి, మళ్లీ బానలో ఉడికి, మళ్లీ బండెక్కి, ఏమీ ఎరగనట్టు కరణం గారింటికి పోయేది. దీన్ని దొంగతనం అంటారా? నేనైతే అనను. నా బట్టలు నేనే ఉతుక్కుంటాను కాబట్టి నాకు పోయేదేమీ లేదు.

మూడో పెళ్లి వచ్చింది. అది హనోకు గారి చిన్నమ్మాయి పెళ్లి.

హనోకు గారు చెడ్డవాడు కాదు. పరువు జబ్బు మనిషి. మగపెళ్లివారు పట్నం వాళ్లు. అందుకని ముందే గుడిలో చాటించాడు. "అందరూ రండి. అందరికీ భోజనం. కానీ చిరుగు గుడ్డలతో ఎవరూ పందిట్లో అడుగు పెట్టొద్దు."

పెళ్లికి ముందు రెండు రోజులు ముసురు పట్టింది. పెళ్లినాడు పొద్దున్నే హనోకు గారు రేవుకే వచ్చాడు.

"ఒరే తీతూ, నా జరీ పంచ ఏదిరా?"

"ఇంకా ఆరలేదయ్యా. ఇదుగో, ఇప్పటికి ఇది కట్టుకోండి. నీలిమందు పెట్టింది. జరీది ఆరగానే నేనే పందిట్లోకి తెస్తా."

ఆ పంచ కొంగ రెక్కలా ఉంది. హనోకు గారు గొణుక్కుంటూనే పట్టుకుపోయాడు.

మధ్యాహ్నానికి ఎండ కాసింది. జరీ పంచ ఆరింది. తీతయ్య దాన్ని మూటలో అన్నిటికన్నా అడుగున పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తను మాత్రం పాత గోచీతో, నెత్తిన తుండుగుడ్డతో ఉన్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టు తీసుకున్నారు. మూట చిక్కిపోయింది. చివరికి ఒక్కటే మిగిలింది. జరీ అంచు, మూడు చుక్కలు.

సరిగ్గా అప్పుడే నుయ్యి తవ్వే ఏసోబు వచ్చి కంచె బయట చతికిలబడ్డాడు. ఒంటి మీద గోచీ, దాని నిండా మట్టి. ఆ రోజు వంటకి తోడిన నీళ్లు ఏసోబు తవ్విన నూతిలోవే.

"ఏం మామా, లోపలికి రావా?"

"పెద్దాయన చాటించింది విన్లేదా అల్లుడూ? ఇక్కడే ఒక విస్తరి పడేస్తే తిని పోతా."

తీతయ్య మూట వంక చూశాడు. ఇది ఇస్తే తన బతుకు పోతుంది. ఇవ్వకపోతే మాట పోతుంది. మూట విప్పాడు, మళ్లీ కట్టాడు. విప్పాడు, మళ్లీ కట్టాడు. మూడోసారి విప్పినప్పుడు, కాళ్లూ చేతులూ కట్టించుకున్న ఆ పేరు తెలియని మనిషి కళ్ల ముందు కదిలాడు.

"మూట విప్పితే గుడ్డ," అన్నాడు. "గుడ్డ కడితే చుట్టం. పద మామా."

ఏసోబు కాలవలో కాళ్లు కడుక్కుని, జరీ పంచ కట్టుకుని, దర్జాగా పోయి బంతిలో కూర్చున్నాడు.

హనోకు గారు బంతుల మధ్య తిరుగుతున్నాడు. "నెయ్యి వేశారా? పప్పు ఇటు పట్టండి." తిరిగి తిరిగి ఏసోబు ముందు ఆగాడు. వంగి అంచు చూశాడు. మూడు చుక్కలు.

"ఈ పంచ ఎక్కడిదిరా నీకు?"

ఏసోబు నోట్లో ముద్ద ఉంది. మాట రాలేదు.

"పట్టుకోండ్రా వీణ్ణి! బయటికి ఈడ్చండి!"

ఇద్దరు కుర్రాళ్లు లేచారు. తీతయ్య పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. గోచీతో పందిట్లోకి రాకూడదు కదా.

"అయ్యా! తప్పు ఆ మనిషిది కాదండీ. మాదండీ. నేనే ఇచ్చా. ఆయన్ని తిననివ్వండి. పంపాల్సింది నన్ను."

హనోకు గారి ముఖం ఎర్రబడింది. పట్నం వియ్యంకుడి ముందు పరువు మంటగలిసింది. "అయితే విను. రేపట్నుంచి ఈ పాలెం గుడ్డ ఒక్కటి కూడా నీ బాన ఎక్కదు. సాయంత్రానికల్లా నీ బానా, నీ గాడిదా ఊరు దాటాలి!"

తీతయ్య చేతులు జోడించి బయటికి పోయి గాడిద పక్కన కూర్చున్నాడు. తబితమ్మ వంటల దగ్గర్నుంచి గరిటె పట్టుకునే వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు. తబితమ్మ ఏమీ అనకపోవటం ఆ పాలెంలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

లోపల అయ్యగారు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"హనోకు గారూ, తీర్పు మధ్యలో ఆపినందుకు క్షమించండి. నా అంచు కూడా ఒకసారి చూడండి."

చూస్తే రెండు గీతలు. కరణం గారిది.

"నాది మోకాలి దగ్గర చిరిగింది. మీరేమో చిరుగు వద్దన్నారు. తీతయ్య ఇది ఇచ్చాడు. గుడ్డ అంటే గుడ్డ కాదని నేను ఆయనకి చెప్పానే, ఆ మాట ఇవాళ నాకే గుర్తు రాలేదు."

పట్నం వియ్యంకుడు నెమ్మదిగా తన అంచు తిప్పాడు. పడవ దిగుతూ కాలవలో కాలేసి నడుం దాకా తడిశాట్ట పాపం. ఆయన అంచున సిలువ. అయ్యగారి రెండో పంచ! ఇక పందిట్లో అందరూ ఎవరి అంచు వాళ్లు తిప్పుకోవటం మొదలెట్టారు. వాడిది వీడి ఒంటి మీద, వీడిది వాడి ఒంటి మీద. మా నాయనమ్మ ఇక్కడికొచ్చేసరికి నవ్వాపుకోలేక నోట్లో కొంగు కుక్కుకునేది. ఆ నవ్వుకే నాకు మెలకువొచ్చేది.

అప్పుడు హనోకు గారి ముసలి తల్లి, మూల మంచం మీంచి, "ఒరే హనోకూ, అందరివీ చూశావు. మరి నీ అంచేదిరా?" అంది.

హనోకు గారు వంగి తన అంచు తిప్పాడు.

ఒక్క గీత.

అది తీతయ్య పెళ్లి పంచ. పెట్టెలో దాచుకున్న ఒకే ఒక్క మంచి గుడ్డ. దాన్ని సంఘ పెద్దకి కట్టబెట్టి, తను గోచీతో గుమ్మం బయట నిలబడ్డాడన్నమాట.

హనోకు గారు అంచు వదిలి, పందిరి దాటి గాడిద దగ్గరికొచ్చాడు.

"తీతయ్యా, లోపలికి రావయ్యా."

జీవితంలో మొదటిసారి 'అయ్య' చేర్చి పిలిచాడు.

"గుడ్డ లేదండీ," అన్నాడు తీతయ్య.

హనోకు గారు తన భుజం మీది పెద్ద పట్టు కండువా తీసి ఆయన నడుముకి తనే చుట్టాడు. "ఇది నాదే. చూసుకో, మూడు చుక్కలు."

తీతయ్య అంచు తిప్పి చూశాడు. "అవునండీ. తమరిదే."

"ఇక నుంచి కాదు. గుడ్డ కడితే చుట్టం అంటావుగా? పద."

తీతయ్య వెళ్లి ఏసోబుకీ అయ్యగారికీ మధ్య కూర్చున్నాడు. ఏసోబు పక్కకి జరుగుతూ, "అల్లుడూ, పప్పు బాగుంది. అడిగి వేయించుకో," అన్నాడు. అంత గొడవలోనూ అతను ముద్ద ఆపలేదు.

ఏళ్లు గడిచాయి. కాలవ ఎండిపోయిన ఒక వేసవిలో తీతయ్య పోయాడు. కప్పటానికి తబితమ్మ పెట్టె తెరిస్తే అందులో ఒక్క గీత గుడ్డ ఒక్కటి కూడా లేదు. పట్టు కండువా కూడా ఎవరికిచ్చాడో ఇచ్చేశాడు. ఈ సంగతి తెలిసి పాలెం కదిలింది. సుందరమ్మ ఒకటి తెచ్చింది. మోషే ఒకటి తెచ్చాడు. హనోకు గారు కర్ర పోటేసుకుంటూ జరీ పంచ తెచ్చాడు. గుడ్డలు నడుమెత్తు పేరుకున్నాయి.

తబితమ్మ కళ్లు తుడుచుకుని, "ఈయనకి ఒక్కటి చాలు. రెండోది కప్పితే, ఇది ఎవరి దగ్గర లాక్కొచ్చారని లేచి అడుగుతాడు. మిగతావి మూట కట్టి గుడి గుమ్మానికి వేలాడదీయండి," అంది. అన్నిటి అంచునా నల్లజీడితో ఒక్క గీత తనే గీసింది.

ఇప్పుడు గుడికి సిమెంటు కప్పు వచ్చింది, కంచు గంట వచ్చింది. మూట మాత్రం అక్కడే ఉంది. మా పాలెంలో పెళ్లంటే శుభలేఖల కన్నా ముందు ఆ మూటని ఉతికి ఆరేస్తారు. కావలసినవాళ్లు తీసుకుంటారు. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. ఎవరైనా గుమ్మంలో వెనకాడితే "మూట విప్పితే గుడ్డ, గుడ్డ కడితే చుట్టం" అని చెయ్యి పట్టి లాగుతారు.

కొత్తగా వచ్చిన అయ్యగారు ఎవరైనా ఆ రాజుగారి పెళ్లి కథ చెప్పి, గుడ్డ అంటే గుడ్డ కాదని మొదలెట్టగానే, చివరి వరసలోంచి ఎవరో ఒక ముసలమ్మ అడుగుతుంది.

"ఆ ఊరి చాకలి ఏమయ్యాడండీ?"

గుడి అంతా ఒక్క గొంతుతో జవాబిస్తుంది. "ఆ ఊళ్లో లేడు. మనూళ్లో ఉన్నాడు!"

నా పెళ్లికి నేను కట్టుకున్న పంచ కూడా ఆ మూటలోదే. తిరిగిచ్చేద్దామని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను. ఇవాళ ఈ కథ చెప్పాను కాబట్టి ఇక తప్పదు. ఉతికి ఆరేసే వచ్చాను. ఆరగానే ఇచ్చేస్తాను.

ఆమేన్ అనండి మరి.