బుడంకాయ పసరు మందు

కొండకి ఉత్తరపు వాలులో, ఇప్పచెట్లు గుబురుగా పెరిగినచోట ఒక గుహ ఉంది. అందులో పోలమ్మ అనే ఎలుగుబంటి తన కొడుకుతో కాపురం ఉండేది. కొడుకు పసివాడు, గుండ్రంగా ఉంటాడు. అందుకని అడవిలో అందరూ వాణ్ణి బుడంకాయ అని పిలిచేవాళ్ళు. తేనెపట్టు కనిపిస్తే చాలు, తేనెటీగలు కుడతాయన్న భయం కూడా లేకుండా మూతి దూర్చేసే రకం.

అలాంటివాడు ఆ చలికాలంలో జ్వరాన పడ్డాడు. పొద్దున్న బాగానే ఉండేవాడు. పొద్దు వాలేసరికి ఒళ్ళు కాలిపోయేది, పళ్ళు టకటకా కొట్టుకునేవి. పోలమ్మ వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని వాగు అవతల ఉండే ముళ్ళపంది సూదులమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ అడవిలో ఎవరికి జబ్బు చేసినా ఆవిడే దిక్కు.

సూదులమ్మ వాడి నాలుక చూసింది. పొట్ట నొక్కి చూసింది.

"నేలవేము పసరు పట్టించు పోలమ్మా. రోజూ పొద్దున్నే పరగడుపున, ఓ చిన్న దొన్నెడు."

"ఎన్నాళ్ళత్తా?"

"నేను చాలనేదాకా. కాస్త తేరుకున్నాడు కదా అని మధ్యలో ఆపావో, జ్వరం తిరగబెడుతుంది. అప్పుడది రొమ్ములోకి దిగితే ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

తిరిగొచ్చే దారిలో బుడంకాయ వీపు మీంచి అడిగాడు. "ఆ మందు చేదుగా ఉంటుందా అమ్మా?"

"చేదేం లేదు నాన్నా. తియ్యగా ఉంటుంది," అనేసింది పోలమ్మ. కష్టాలన్నీ ఆ ఒక్క మాటతో మొదలయ్యాయి.

మర్నాడు మోదుగాకు దొన్నెలో పసరు పోసి ఇచ్చింది. బుడంకాయ ఆశగా ఓ గుక్క తాగాడు. తాగినదంతా తల్లి మొహాన ఉమ్మేశాడు. ఆ తర్వాత బతిమాలినా నోరు తెరవలేదు, కసిరినా తెరవలేదు. ఒకరోజు పోలమ్మ వాణ్ణి ఒళ్ళో అదిమిపెట్టి, ముక్కు మూసి పోసింది. సగం గొంతులోకి, సగం బొచ్చు మీదికి పోయింది. చివరికి ఇద్దరూ కూర్చుని ఏడ్చారు.

ఇలా లాభం లేదని పోలమ్మ తేనెపట్టులో పసరు కలిపి పెట్టింది. బుడంకాయ ఆబగా కొరికాడు. కొరికి ఆగిపోయాడు. ఈసారి ఏడవలేదు. తల్లి వైపు ఒక్క చూపు చూసి, గుహ చివరికి పోయి రాతి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచీ వాడు తేనె ముట్టలేదు. మేడిపళ్ళు పెట్టినా, రేగుపళ్ళు పెట్టినా ముందు వాసన చూసేవాడు. "ఇందులో ఏం కలిపావు?" అని అడిగేవాడు. వాడి డొక్కలు బయటపడుతున్నాయి. జ్వరం కన్నా ఆ ప్రశ్నే పోలమ్మని ఎక్కువ కాల్చేది.

అలా ఉండగా నక్క జంబయ్య వచ్చాడు.

"ఏంటక్కా, పొద్దున్నే ఈ ఏడుపులు? మా బొరియ దాకా వినిపిస్తున్నాయి."

పోలమ్మ గోడంతా వెళ్ళబోసుకుంది.

"ఓస్, ఇంతేనా! నాకొదిలెయ్. మా ఇంటినిండా పిల్లలే కదా, వాళ్ళందరికీ మందులు పట్టించేది నేనే."

"ఎలా పట్టిస్తావు తమ్ముడూ?"

"ముందు నేనో గుక్క తాగుతాను. 'ఆహా' అంటాను. నన్ను చూసి వాడూ తాగేస్తాడు. కాకపోతే తల్లి ఎదురుగా ఉంటే పిల్లలు మారాం చేస్తారు. నువ్వు ఇక్కడే ఉండు, వాణ్ణి ఆ బండ వెనక్కి తీసుకెళ్తాను."

"మరి నీకేం ఇమ్మంటావు?"

"ఛ ఛ! మేనల్లుడికి మందు పట్టించి కూలి అడుగుతానా? నోరు చేదెక్కుతుంది కదా, రోజూ ఓ తేనెపట్టు ముక్క ఉంటే చాలు."

మర్నాటి నుంచి పొద్దున్నే జంబయ్య రావడం, పసరు దొన్నె పట్టుకుని బుడంకాయతో బండ వెనక్కి పోవడం, కాసేపటికి ఖాళీ దొన్నెతో తిరిగి రావడం మొదలైంది. బుడంకాయ గెంతుతూ వచ్చేవాడు. పోలమ్మకి ప్రాణం లేచొచ్చేది. ముక్క అడిగినవాడికి ముక్కున్నర ఇచ్చి పంపేది.

కానీ జ్వరం పోలేదు. పైగా ఒక సాయంత్రం మునుపటికన్నా గట్టిగా వచ్చింది. వణుకుతున్న పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని పోలమ్మ వాడి మూతి నాకింది. నాకుతూ నాకుతూ ఆగింది. నేలవేము తాగిన నోట్లో ఆ చేదు వాసన సాయంత్రం దాకా పోదు. ఎలుగుబంటి ముక్కుకి అది తెలియకుండా ఉండదు. వాడి నోట్లో రేగుపళ్ళ వాసన తప్ప ఇంకేమీ లేదు.

పోలమ్మ కేకలు వెయ్యలేదు. "నాన్నా, పసరు ఎక్కడికి పోతోంది?" అని మాత్రం అడిగింది.

బుడంకాయ తల దించుకుని గొణిగాడు. "బండ వెనక మామ నేల మీద పోసేస్తాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు. నన్ను కొడతావా?"

"కొట్టను. ముందు అబద్ధం చెప్పింది నేను. చేదు కాదన్నాను, తేనెలో దాచి పెట్టాను. పసరు చేదేరా. బాగా చేదు. అయినా తాగాలి. లేకపోతే ఈ జ్వరం నిన్ను వదలదు. ఇకమీదట నువ్వు తినేవాటిలో ఏదీ కలపను."

"ఒట్టు?"

"ఒట్టు."

బుడంకాయ తల్లి ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాడు. ఎన్నాళ్ళయిందో వాడలా పడుకుని.

పొద్దున్నే జంబయ్య వచ్చేసరికి గుహ ముందు అంచుల దాకా పసరు నింపిన దొన్నె ఉంది. పక్కనే అప్పుడే తెచ్చిన పెద్ద తేనెపట్టు ఉంది.

"ఇవాళ ఇక్కడే పట్టించు తమ్ముడూ. నేనూ చూసి నేర్చుకుంటాను. ఎల్లకాలం నిన్ను ఇబ్బంది పెట్టలేను కదా."

"తల్లి ఎదురుగా ఉంటే..."

"నోరు మెదపను. ఊ, తాగు."

"అదేంటో అక్కా, ఇవాళ నాకు కడుపులో తిప్పుతోంది."

"అయితే మరీ మంచిది. కడుపుకి కూడా ఇది మంచి మందే."

జంబయ్య దొన్నె వైపు చూశాడు, తేనెపట్టు వైపు చూశాడు. తేనె ధారగా కారుతోంది. కళ్ళు మూసుకుని ఓ గుక్క తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు.

"మింగలేదేం? ఆహా అనలేదేం?" అంది పోలమ్మ.

జంబయ్య మింగాడు. చెవులు వెనక్కి వాలాయి, తోక బిర్రబిగుసుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ... హా..."

"ఎలా ఉంది మామా?" అడిగాడు బుడంకాయ.

"తి... తియ్య..." మాట పూర్తికాకుండానే దగ్గు వచ్చింది. నాలుక బయటపెట్టి గడ్డికేసి రుద్దుకోసాగాడు.

బుడంకాయ పకపకా నవ్వాడు. "చూడమ్మా, మామ అబద్ధం చెప్తున్నాడు. చేదుగానే ఉంది కదూ?"

"చేదే," అని పోలమ్మ కూడా ఓ గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి మింగింది. "నువ్వెలా తాగుతావో నువ్వే చెప్పు."

వాడు ఆలోచించాడు. "ముక్కు నేనే మూసుకుంటా. నువ్వు పట్టుకోకూడదు."

"సరే."

"తాగాక తేనె విడిగా ఇవ్వాలి."

"సరే."

బుడంకాయ ముక్కు మూసుకుని మిగిలినదంతా గటగటా తాగేశాడు. ఒళ్ళంతా జలదరించింది. "థూ, మామ కన్నా నేనే నయం, ఏడవలేదు," అన్నాడు. పోలమ్మ తేనెపట్టు ముందుకి జరిపింది. వాడు వాసన చూడబోయి, తల్లి మొహంలోకి చూసి, వాసన చూడకుండానే కొరికాడు.

పోలమ్మ మొహం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

"మరి నా ముక్క అక్కా?" అన్నాడు జంబయ్య వగరుస్తూ.

"నీ కూలి రోజూ ఆ బండ వెనకే పోసుకున్నావుగా తమ్ముడూ. వెళ్ళి నాక్కో."

జంబయ్య తోక ముడిచి వాగు వైపు పరుగెత్తాడు. ఎన్ని నీళ్ళు తాగినా నోట్లో చేదు వదల్లేదు.

బుడంకాయ ఆ తర్వాత కూడా కొన్ని రోజులు పేచీ పెట్టాడు, దొన్నె పట్టుకుని ఎండెక్కేదాకా కూర్చున్నాడు. కానీ తాగాడు. కొన్నాళ్ళకి సాయంత్రాలు ఒళ్ళు చల్లగానే ఉండడం మొదలైంది. అయినా సూదులమ్మ చాలనేదాకా పోలమ్మ పసరు దంచడం మానలేదు, వాడు ముక్కు మూసుకోవడం మానలేదు.

చేదుని చేదని చెప్పి ఇచ్చే చేతినే పిల్లలు నమ్ముతారు.