పేరు దొరకని జ్వరం

బీరయ్య జ్వరం శశాంక చైతన్యకు లొంగలేదు.

అడవి అంచున ఉన్న ఆశ్రమ ఆసుపత్రిలో శశాంక యువ సన్యాసి, పైగా డాక్టరు. కాషాయం కట్టాక చాలానే వదిలేశాడు గానీ, చదువు మీద గర్వం మాత్రం ఇంకా వదల్లేదు. పట్టుదలా అంతే. మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు, డెంగీ కాదని రిపోర్టులు వచ్చాయి. గొర్రెల కాపరి బీరయ్య మాత్రం నిప్పులా కాలిపోతున్నాడు. ఆ ఉదయం నుంచి భార్య ఎల్లవ్వనే గుర్తుపట్టడం లేదు.

జ్వరం పేరు తేల్చేదాకా ఈ మంచం వదలనని ఎల్లవ్వకు మాటిచ్చాడు శశాంక. ఇచ్చి, వెళ్లి పరీక్షల గదిలో కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి శశాంక తన గురువు విమలబోధ స్వామి దగ్గరికి వెళ్లాడు. ఆయనా ఒకప్పుడు పేరున్న డాక్టరే, ఆ మాట ఎవరైనా ఎత్తితే విననట్టు ఊరుకుంటారు. ఇంకో పరీక్షకు రక్తం పట్నం పంపాననీ, అది వచ్చేదాకా చేయగలిగింది లేదనీ చెప్పాడు శశాంక.

"మనిషిని చూశావా?" అని అడిగారు స్వామి.

"తల నుంచి కాలిదాకా చూశాను స్వామీజీ."

 ఆయన లేచి వార్డుకు వచ్చారు. వస్తూ వస్తూ ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పట్టుకొచ్చారు. బీరయ్య కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, అతని పాదం చేతిలోకి తీసుకుని కడగడం మొదలుపెట్టారు.

శశాంకకు ప్రాణం చివుక్కుమంది. అవతల మనిషి చేజారిపోతుంటే ఇప్పుడా స్నానాలు? "ఆయాకు చెబుతాను, మీరు లేవండి" అని చేయి పట్టుకోబోయాడు. స్వామి తువ్వాలు అతనికి అందించి, తన పని తాను చేసుకుపోయారు.

మందలో తిరిగిన కాళ్లు. పెంట, బురద పొరలు పొరలుగా ఎండి ఉన్నాయి. నీళ్లు నల్లబడ్డాయి. స్వామి తొందరపడలేదు. వేళ్ల సందులు కూడా రుద్ది, ఆ పాదాన్ని, తువ్వాలు పరుచుకుని పక్కన కూర్చున్న శశాంక ఒళ్లో పెట్టారు.

తుడవబోయిన శశాంక చేయి ఆగిపోయింది.

అరికాలి నిండా ఎర్రటి మచ్చలు. నొక్కి చూశాడు. గబగబా రెండో కాలు తనే కడిగాడు. అక్కడా ఉన్నాయి. బీరయ్య అరచేతులు తెరిచి చూశాడు. కాయల మధ్య, గొర్రెల జిడ్డు కింద, అవే మచ్చలు.

"అమ్మా, గొర్రెలకు రక్తం పీల్చే పిడుదులు ఉన్నాయా?" అని అడిగాడు ఎల్లవ్వను.

"శానా ఉన్నయయ్యా. ఉన్ని కత్తిరిచ్చేటప్పుడు ఏరి, గోళ్ల నడుమ చిదిపిండు. కింద పడేస్తే మళ్ల గొర్రెకే ఎక్కుతయి గద."

అరికాళ్లకూ అరచేతులకూ ఇలా మచ్చలు తెచ్చేది పిడుదు జ్వరం. శశాంక ఇక పట్నం రిపోర్టు కోసం ఆగలేదు. పిడుదులో దాగిన సూక్ష్మక్రిమి కాటుతోనో, చిదిపిన వేళ్ల గాట్లలోంచో ఒంట్లోకి దూరుతుంది. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది, సరైన మందు పడితే తోక ముడుస్తుంది. ఆ మందు అప్పటికప్పుడు మొదలుపెట్టాడు. ఈసారి నిజంగానే మంచం పక్క నుంచి కదల్లేదు. ఎల్లవ్వను కూర్చోబెట్టి, ఇకమీద పిడుదుల్ని చేత్తో చిదమొద్దని, చిన్న పట్టకారుతో పీకి సబ్బునీళ్లలో వేయాలని ఆమె చేత చెప్పించుకునేదాకా వదల్లేదు.

రెండు రోజులు తిరక్కుండానే జ్వరం దిగింది. బీరయ్య లేచి కూర్చుని, గంజి తాగి, మంద ఎవరు కాస్తున్నారని భార్య మీద కేకలేశాడు. ఎల్లవ్వ ఏడుస్తూనే నవ్వింది.

శశాంక వెళ్లి గురువు పాదాలకు మొక్కాడు.

"మీకు ముందే తెలుసు స్వామీజీ. నాకు చూపించాలనే ఆ కాళ్లు కడిగారు."

"లేదు నాయనా, నాకేమీ తెలియదు" అన్నారు స్వామి. "కాళ్లకు మట్టి ఉంది. కడిగాను."