ఏదుముల్లు తూకం

ఈ కథలో ఆవగింజంత అబద్ధముందని నిరూపించగలవాళ్ళు ముందుకు రావచ్చు. ఇప్పటిదాకా ముగ్గురు వచ్చారు. ముగ్గురూ సగం కథకే నోరు తెరిచారు, ఇంటికెళ్ళాక కూడా మూయలేకపోయారు. నాలుగోవారికి స్వాగతం.

నల్లమలలో గురవమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. పుట్ట ముందు కూర్చుని ఆమె ఒక్కసారి గాలి పీలిస్తే ఆ పుట్టలోని చెదలు మొత్తం, పక్కపుట్టలోవి సగం నోట్లోకి వచ్చిపడేవి. ఆమె గురక పెడితే అవతలి కొండమీది మబ్బు ఇవతలి కొండకు జరిగేది. ఆమె వీపుమీద ఇద్దరు పిల్లలు, మల్లడు, బుడ్డి. ఎలుగుపిల్లలకు ఉయ్యాల, బండి, ఇల్లు అన్నీ తల్లి వీపే. ఆ పొడుగాటి బొచ్చు గుప్పిట్లో బిగించారంటే తల్లి ఎంత పరిగెత్తినా కింద పడరు.

వాగులు ఎండి మడుగులుగా మిగిలే చైత్రమాసంలో ఒకరోజు గురవమ్మ ఇప్పచెట్టెక్కి పూలు దులుపుతుంటే కొమ్మ విరిగింది. ఆ చప్పుడుకు కృష్ణలోని చేపలు ఒడ్డుకొచ్చి ఏమైందని వాకబు చేశాయి. పక్కచెట్టు మీద కొండముచ్చులు మాత్రం నవ్వుకున్నాయి. వాటిలో ఒకతె తీరిగ్గా, "పాపం, కొమ్మకేమైనా దెబ్బ తగిలిందేమో చూడండర్రా," అంది.

ఆ మాట గురవమ్మకు ముల్లులా గుచ్చుకుంది. పదిహేను రోజుల్లో తమ్ముడి పెళ్ళి. ఈ కొండముచ్చులన్నీ అక్కడికి వస్తాయి. ఆమె మడుగులో తన నీడ చూసుకుని నడుము ఎక్కడ మొదలవుతుందో వెతికింది. దొరకలేదు.

ఇలాంటి దుఃఖాన్ని రెండు కోసుల దూరం నుంచే వాసన పట్టగల శేషాచలం అనే నక్క సాయంత్రానికల్లా వచ్చి కూర్చున్నాడు. తన వైద్యంతో ఒక అడవిదున్నను నెల తిరక్కుండా మేకంత చేశాడట. దాన్ని ఎవరో మేకే అనుకుని తోలుకుపోయారట. అంతకంటే రుజువేం కావాలని అడిగాడు. గురవమ్మకూ ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"తిండి మానెయ్ వదినా," అన్నాడు. "పదిహేను రోజుల కోర్సు. పొద్దున వేపాకు రసం, సాయంత్రం ఉత్త నీళ్ళు. మధ్యలో కడుపు మండిందంటే సంతోషపడు, కరుగుతున్నావన్నమాట."

"పిల్లలకు పాలివ్వాలి కదయ్యా?"

"పాలూ పలచబడతాయి, పిల్లలూ నాజూగ్గా పెరుగుతారు. ఒక్క కోర్సులో ముగ్గురు. ఎక్కడ దొరుకుతుంది చెప్పు?"

గుహలో ఎండబెట్టిన ఇప్పపూలు, తేనెపట్లు కళ్ళెదుట ఉంటే వైద్యం పారదని, వాటిని తన బొరియకు మోసుకెళ్ళే కష్టమంతా తానే పడతానన్నాడు. ఫీజు మాటే ఎత్తలేదు. అంతటి త్యాగాన్ని గురవమ్మ పుట్టి ఎరగదు.

తూకం కూడా అతనిదే. మడుగు ఒడ్డున బురదలో ఆమె చేత ఒక అడుగు వేయించాడు. చెవి వెనక నుంచి నలుపు తెలుపు చారలున్న ఏదుపంది ముల్లు ఒకటి తీసి, ఆ జాడలో గుచ్చి లోతు కొలిచాడు. తొమ్మిది చారలు మునిగింది. చారకో మణుగు లెక్కన తొమ్మిది మణుగులన్నాడు. పక్కనే తనూ ఒక అడుగు వేసి కొలిచాడు. రెండు చారలు. ఆరోగ్యమంటే ఇదీ అన్నట్టు ఆమె వంక చూశాడు.

మూడో రోజున అక్కడే పక్కన కొత్త అడుగు వేయించాడు. ఏడు చారలే. ఆరో రోజుకు ఐదు. తొమ్మిదో రోజుకు మూడు. గురవమ్మ ఆనందానికి హద్దు లేదు, నిలబడితే చాలు కళ్ళు తిరుగుతున్నాయన్న మాటేగానీ. అడిగితే అది కొవ్వు వెళ్ళొస్తానని చెప్పడమన్నాడు శేషాచలం. కాళ్ళు వణికితే ఒళ్ళు తేలికై గాలికి ఊగుతోందన్నాడు. బొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలితే, బొచ్చుకు మాత్రం బరువుండదా అని ఎదురడిగాడు. పిల్లలు చప్పరించి చప్పరించి పాలు రాక ఏడిస్తే, గొంతు సాధన మంచిదేనన్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం వాగు దాటుతుండగా రేచుకుక్కలు వచ్చాయి. ఏడు. వట్టి చేత్తో పులిని వెనక్కి తోసిన గురవమ్మకు ఏడు కుక్కలొక లెక్కా? అయినా ముందు పిల్లలను దాచాలని వీపుకెత్తుకుని గుహ వైపు పరుగు తీసింది. పది అంగలకే ఊపిరి అందలేదు. పన్నెండో అంగలో వీపుమీద బరువు తగ్గింది. ఈసారి నిజంగానే తగ్గింది. వెనక్కి తిరిగి చూస్తే బుడ్డి ఇసుకలో పడి ఉంది. దాని రెండు గుప్పిళ్ళ నిండా తల్లి బొచ్చు.

గురవమ్మ పిల్లకు అడ్డంగా వెనక్కాళ్ళ మీద లేచి నిలబడబోయింది. మోకాళ్ళు మడతపడి కూలబడింది. కుక్కలు తొందరపడలేదు, చుట్టూ కూర్చుని పళ్ళు చూపించాయి.

అప్పుడు పొదలోంచి గలగలమని చప్పుడైంది. ఏదుపంది నాగరత్తమ్మ, ఆ అడవి మొత్తానికి మంత్రసాని, ముళ్ళు విప్పుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి ఒక్కో కుక్క మూతికీ అడగకుండానే మీసాలు అతికించింది. ఏడూ కుయ్యోమంటూ వెళ్ళిపోయాయి.

బుడ్డిని నాకి, దెబ్బలేవీ లేవని తేల్చుకున్నాక నాగరత్తమ్మ గురవమ్మ వంక తిరిగి, "ఏమే, ఏం జబ్బు చేసింది నీకు?" అంది.

జబ్బు కాదు అత్తా, వైద్యమని చెప్పింది గురవమ్మ. ఏదుముల్లు లెక్కంతా చెప్పి, తొమ్మిది చారలు మూడయ్యాయని, ఆ స్థితిలో కూడా కాస్త గర్వంగానే చెప్పింది.

"పది రోజుల్లో ఎండకు బురద గట్టిపడదటే? అందులో రేపు కొండ నిలబడినా మూడు చారలే దిగుతుంది. నిజంగా పోయింది చెప్పనా? నీ కండ, నీ బొచ్చు, నీ బిడ్డల పాలు. రేపు మళ్ళీ తిండి మొదలెట్టగానే ఒళ్ళు ఇంకో కరువొస్తుందేమోనని బెదిరి, తిన్నదంతా కొవ్వు చేసి దాచుకుంటుంది. ఉన్నదానికంటే లావవుతావు."

మరి బరువు తగ్గడమెలా అని గురవమ్మ నీరసంగా అడిగింది. పిల్లలు పాలు తాగినన్నాళ్ళూ ఆ ఊసే వద్దని, కడుపునిండా తినమని చెప్పింది నాగరత్తమ్మ. వాళ్ళు పాలు మానాక కావాలంటే తేనె సగం చేసి, కూర్చున్నచోటికి పండ్లు రాలే చెట్టు కింద చేరకుండా కొండెక్కి పుట్టలు తవ్వుకోమంది. నెలకు కాస్త, అంతే. పెళ్ళిలోగా మాత్రం కుదరదంది.

మర్నాడు పన్నెండో రోజు తూకానికి శేషాచలం వచ్చాడు. రావడమంటే ముందు పొట్ట వచ్చింది, కాసేపటికి అతను వచ్చాడు. నాగరత్తమ్మ అతన్ని సాదరంగా పిలిచి, ఎండిన బురదమీద నిలబెట్టి కొలిచింది. ముల్లు దిగనే లేదు.

"ఇదేమిటయ్యా, సున్నా చారలు. నువ్వసలు ఉన్నావా?"

"రోగితోపాటు నేనూ పస్తులున్నానమ్మా," అన్నాడు శేషాచలం వినయంగా. మూతికి తేనె ఇంకా అంటుకునే ఉంది.

అలాగైతే ఇంత తేలికైనవాడు తడి బురదలో కూడా దిగడు కదా, ఒక్కసారి చూపించమని అడిగిందామె. అతను వెనక్కి చూశాడు. వెనక గురవమ్మ ఉంది. నీరసంగానే ఉంది గానీ గోళ్ళకు నీరసం లేదు. అతను మడుగులో కాలు పెట్టాడు. మోకాళ్ళ దాకా, పొట్ట దాకా, ఆ పైన మెడ దాకా దిగి, అక్కడ ఆగాడు.

"వదినా, పైకి లాగు," అన్నాడు.

"బలం లేదయ్యా," అంది గురవమ్మ. నిజమే చెప్పింది. "నువ్వే తీసేశావుగా. నువ్వూ తిండి మానెయ్. ఉత్త నీళ్ళే తాగు, చుట్టూ అవే ఉన్నాయి. తేలికై నువ్వే తేలతావు."

నాలుగు రోజులు ఆమె చెదలూ పండ్లూ తిని, పిల్లలకు పాలిచ్చి, తమ్ముడి పెళ్ళికి లేని నడుముతోనే వెళ్ళొచ్చి, ఐదో రోజున వచ్చి అతన్ని తోక పట్టి ఒక్క గుంజు గుంజింది. ఆ ఊపుకు శేషాచలం మూడు కొండల అవతల పడ్డాడు. అక్కడ ఎవరికీ వైద్యం చేసినట్టు వినలేదు.

నీతి: తొందరపడి ఒళ్ళు కరిగించుకుంటే ముందు పోయేది బలం, చివరికి మిగిలేది కొవ్వు.

నమ్మకం కుదరనివాళ్ళ కోసం, ఇదంతా బండమీద ఎండకాగుతూ కళ్ళారా చూసిన తొండ ఒకడున్నాడు. ఏమడిగినా అవునని తల ఊపుతాడు. పేరు పెద ఓబులేసు.